తోరాంగ్ లా: మంచు కనుమను గుంపుగా దాటి, అందరూ క్షేమంగా దిగడానికి

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ మా విశాఖ మీద పడింది. చెట్లు పోయాయి, కరెంటు పోయింది, ఫోన్లు పోయాయి. మా కష్టంలో మేముండగా ఆ తుఫాను మిగులు అంతా ఉత్తరానికి నడిచి హిమాలయాలను తాకింది. రెండు రోజుల తర్వాత, 14న, నేపాల్‌లోని తోరాంగ్ లా చుట్టుపక్కల 12 గంటల్లో దాదాపు 1.8 మీటర్ల మంచు కురిసింది. మనిషి నిలువెత్తు మంచు. ఆ మంచు తుఫానులో, కొండవాలు మీది మంచు విరిగి పడే హిమపాతాల్లో కనీసం 43 మంది చనిపోయారు. అందులో ట్రెక్కర్లున్నారు, గైడ్లున్నారు, మూటలు మోసే కూలీలున్నారు. ఆ ఉదయం మంచు కురుస్తుండగానే చాలామంది కనుమ వైపు బయల్దేరారు.

మా ఇంటి ముందు వేపచెట్టును పడగొట్టిన తుఫానే అక్కడ అంతమందిని తీసుకుపోయిందని తెలిశాక ఆ కనుమ పేరు నా మనసులోంచి పోలేదు. ఎన్నో ఏళ్ల తర్వాత మా బంధువులం, స్నేహితులం కలిసి 8 మందిమి అక్కడికి వెళ్లాం. ఏడుగురం కనుమ దాటాం, ఒకరు మధ్యలో వెనక్కి దిగారు. అందరం ఇంటికి చేరాం. ఆ ప్రయాణంలో నేర్చుకున్నదీ, దానికి ముందు చదివి తెలుసుకున్నదీ కలిపి ఇక్కడ వరసగా చెప్తున్నాను. నా మాట ఒక్కటే. కనుమ మీద ప్రాణం కాపాడే నిర్ణయాలు కనుమ మీద తీసుకునేవి కావు. కింద, వెచ్చగా, బుర్ర బాగా పనిచేస్తున్నప్పుడే అందరూ కూర్చుని తీసుకోవాలి.

ఈ కనుమ ఎక్కడుంది, ఎప్పుడు వెళ్లాలి

తోరాంగ్ లా ఎత్తు 5,416 మీటర్లు. టిబెటన్ భాషలో 'లా' అంటే కనుమ. అన్నపూర్ణ పర్వతాల చుట్టూ తిరిగే దారిలో ఇదే అన్నిటికన్నా ఎత్తైన చోటు. తూర్పున మనాంగ్ లోయ, పడమర ముస్తాంగ్. పడమర వైపు దిగగానే ముక్తినాథ్ వస్తుంది. 108 దివ్యదేశాల్లో చెప్పే సాలగ్రామం ఇదేనని వైష్ణవులు నమ్ముతారు. మనవాళ్లు చాలామంది పోఖరా నుంచి జీపులో గానీ, జోమ్‌సోమ్ దాకా చిన్న విమానంలో గానీ ముక్తినాథ్ వెళ్తారు. ఈ గైడ్ మాత్రం వెనకవైపు కొండెక్కి, మంచు దాటి, పైనుంచి గుడి దగ్గరికి దిగాలనుకునే వాళ్లకోసం.

వెళ్లే కాలాలు రెండు. అక్టోబరు, నవంబరు నెలల్లో ఆకాశం తేటగా ఉంటుంది. కనుమ మీద మంచు తక్కువగా ఉండొచ్చు, కానీ బంగాళాఖాతంలో తుఫాన్లు ఎక్కువగా పుట్టేది కూడా ఆ నెలల్లోనే. మార్చి చివర, ఏప్రిల్‌లో కనుమ మీద పాత మంచు గట్టిగా పేరుకుని ఉంటుంది, మధ్యాహ్నాలు మబ్బు పడుతుంది. మంచుమీద నడవాలన్న కోరికతో మేం ఏప్రిల్ మొదట్లో వెళ్లాం. అక్టోబరులో వెళ్లేవాళ్లకు నాదొక విన్నపం: బయల్దేరే ముందు బంగాళాఖాతం వార్తలు చూడండి. తీరం తాకిన తుఫాను రెండు రోజుల్లో అక్కడ మంచై కురవగలదు. ఆ సంగతి మన కోస్తావాళ్లకు ఇంకొకరు చెప్పక్కర్లేదు.

ఎంతమంది, ఎవరెవరు

ఆరుగురి నుంచి పది మంది దాకా బాగుంటుంది. అంతకు మించితే గుంపు రెండుగా చీలుతుంది. ముందువాళ్లు చలిలో నిలబడి వెనకవాళ్లకోసం ఎదురుచూడాలి, వెనకవాళ్లు వాళ్లను అందుకోవాలని ఆయాసపడాలి. రెండూ ప్రమాదమే.

ఎవరిని తీసుకెళ్లాలన్నది మొహమాటం లేకుండా ఆలోచించాలి. బలం ఉన్నవాడికన్నా "నాకు బాగాలేదు" అని నోరు విప్పి చెప్పేవాడు మంచి తోడు. గుండె జబ్బు, ఊపిరితిత్తుల జబ్బు, సికిల్ సెల్ ఉన్నవాళ్లు, గర్భిణులు ఈ ఎత్తు జోలికి పోకపోవడమే మేలు. బీపీ, షుగర్ ఉన్నవాళ్లు తప్పకుండా డాక్టరుతో మాట్లాడాలి. మందులు వాడుతూ అదుపులో ఉంటే చాలామంది వెళ్లొస్తున్నారు. కాకపోతే ఆ విషయం గుంపులో అందరికీ, గైడ్‌కీ తెలిసుండాలి.

విదేశీ ట్రెక్కర్లు గైడ్‌తోనే వెళ్లాలని 2023 ఏప్రిల్‌లో నేపాల్ నిబంధన పెట్టింది. నిబంధన ఉన్నా లేకున్నా గైడ్‌ను పెట్టుకోండి. ఎనిమిది మందికి ఒక గైడ్ చాలడు, ఒక సహాయ గైడ్ కూడా ఉండాలి. ఎవరికైనా ఒంట్లో బాగాలేక వెనక్కి దిగాల్సి వస్తే ఆ మనిషి వెంట వెళ్లేవాడు ఉండాలి కదా. మా విషయంలో సరిగ్గా అదే జరిగింది.

సామాను మోసే కూలీల గురించి ఒక మాట. ఒక్కొక్కరి మీద 20 కిలోలు మించి పెట్టకండి. బయల్దేరే ముందు వాళ్ల బూట్లు, జాకెట్, గ్లౌజులు, చలవ కళ్లద్దాలు మీ కళ్లతో చూడండి. లేకపోతే కొనివ్వండి, లేదా అద్దెకు ఇప్పించండి. వాళ్లకు బీమా ఉందో లేదో ఏజెన్సీని అడగండి. మన బరువు మోసే మనిషి మనకన్నా పలచని జాకెట్టుతో కనుమ దాటడం న్యాయం కాదు.

మూడు నెలల ముందు మొదలుపెట్టాల్సిన సాధన

మాకు సింహాచలం మెట్లు, కైలాసగిరి మెట్లు దగ్గర. వారానికి మూడు రోజులు వీపున ఆరేడు కిలోల సంచితో ఎక్కి దిగేవాళ్లం. తిరుపతి వైపు వాళ్లకు 3,550 మెట్ల అలిపిరి దారిని మించిన మైదానం లేదు. హైదరాబాద్‌లో ఉన్నవాళ్లు అపార్ట్‌మెంటు మెట్లు వాడుకోవచ్చు. ఎక్కడం ఎంత సాధన చేస్తారో దిగడం కూడా అంత చేయండి. కనుమ దాటాక ఒక్క రోజులోనే దాదాపు 1,600 మీటర్లు దిగాలి. ఆ దిగుడులో తొడలు వణికి, మోకాళ్లు పట్టేసి పడిపోయేవాళ్లు ఎక్కువ.

నెలకు ఒకసారి పొద్దుట్నుంచి సాయంత్రం దాకా నడవండి. సింహాచలం గిరి ప్రదక్షిణ 32 కిలోమీటర్లు. దాన్ని ఒకసారి అందరం కలిసి చేశాం. ఎవరి కాలికి బూటు కరుస్తుందో, ఎవరు నీళ్లు తాగడం మరిచిపోతారో, అలిసినప్పుడు ఎవరికి చిరాకు వస్తుందో ఆ ఒక్క రోజులో తెలిసిపోయింది.

ఒక్కటి గుర్తుంచుకోండి. ఎత్తు జబ్బుకు ఫిట్‌నెస్ మందు కాదు. రోజూ పది కిలోమీటర్లు పరిగెత్తే కుర్రాడికి రావొచ్చు, అరవై ఏళ్ల పెద్దాయనకు రాకపోవచ్చు. నిజానికి బలమున్నవాళ్లు తొందరగా ఎక్కేస్తారు కాబట్టి వాళ్లే ఎక్కువ జాగ్రత్తగా ఉండాలి.

కాగితాలు, డబ్బు, బీమా

మనకు వీసా అక్కర్లేదు. విమానంలో వెళ్తే పాస్‌పోర్టు గానీ, ఓటరు కార్డు గానీ కావాలి. ఆధార్‌ను నమ్ముకుని ఎయిర్‌పోర్టుకు వెళ్లొద్దు. అన్నపూర్ణ పరిరక్షణ ప్రాంతం పర్మిట్ తప్పనిసరి. సార్క్ దేశాల వాళ్లకు రేటు తక్కువ కాబట్టి భారతీయులమని ముందే చెప్పండి. మన రూపాయికి 1.6 నేపాలీ రూపాయలు, ఆ రేటు స్థిరంగా ఉంటుంది. కాఠ్‌మాండూలోనే డబ్బు మార్చుకుని మొత్తం ట్రెక్‌కు సరిపడా నగదు పట్టుకెళ్లండి. పైన లాడ్జిల్లో కార్డులు, మన యూపీఐ పనిచేస్తాయని లెక్క వేసుకోకండి.

బీమా పాలసీ కాగితం పూర్తిగా చదవండి. మామూలు ట్రావెల్ పాలసీలు చాలావాటిలో ఎత్తుకు పరిమితి ఉంటుంది. 6,000 మీటర్ల దాకా ట్రెక్కింగ్, హెలికాప్టర్‌లో తరలింపు రెండూ రాసి ఉంటేనే తీసుకోండి.

సామాను: ప్రాణానికి అవసరమైనవి

జాబితా మొత్తం ఇవ్వను, ముఖ్యమైన చోట ఆగుతాను.

నూలు బట్టలు కనుమ మీదికి వద్దు. చెమటకు తడిస్తే ఆరవు, చలిని ఒంటికి అంటిస్తాయి. లోపల ఒంటికి అంటుకునే థర్మల్, దాని మీద ఫ్లీస్ అనే మెత్తటి వెచ్చని జాకెట్, దాని మీద ఈకలు నింపిన డౌన్ జాకెట్, అన్నిటి మీద గాలి, నీరు చొరని జాకెట్. ఎక్కేటప్పుడు ఒక పొర తీసేయాలి, ఆగిన వెంటనే వేసుకోవాలి. వేడిగా అనిపించే దాకా, వణుకు వచ్చే దాకా ఆగితే అప్పటికే ఆలస్యం.

గ్లౌజులు రెండు జతలు, పైన ఒక మందపాటి జత. గుంపు మొత్తానికి ఒక అదనపు జత. మంచుమీద గాలికి ఎగిరిపోయిన ఒక్క గ్లౌజు చెయ్యి పోయేలా చేయగలదు.

బూట్లు కనీసం రెండు నెలలు వాడి పాతబడినవి కావాలి, చీలమండ దాకా రావాలి. వాటి అడుగున తగిలించుకునే ఇనుప ముళ్ల గొలుసులను మైక్రోస్పైక్స్ అంటారు. మంచు బూటులోకి దూరకుండా పిక్కకు చుట్టుకునేవి గైటర్లు. ఈ రెండూ, నడక కర్రలూ కాఠ్‌మాండూలోని థమేల్‌లో దొరుకుతాయి, కొన్ని అద్దెకు కూడా ఇస్తారు. స్పైక్స్ కొన్నాక మీ బూటుకు అక్కడే తొడిగి చూడండి.

చలవ కళ్లద్దాలు మంచివి కావాలి, పక్కలనుంచి కూడా వెలుగు రానివి. కొత్త మంచు మీద పడిన అతినీలలోహిత కిరణాల్లో 80 శాతం దాకా తిరిగి మన మొహానికే కొడతాయి. అద్దాలు లేకుండా కొన్ని గంటలు నడిస్తే సాయంత్రానికి కళ్లల్లో ఇసుక పోసినట్టు మండి చూపు పోతుంది. అది తగ్గడానికి ఒకటి రెండు రోజులు పడుతుంది. ఆ రెండు రోజులు మీరు మంచు మధ్య ఉంటే ఏం చేస్తారు? మబ్బు ఉన్నా అద్దాలు తీయకూడదు. సన్‌స్క్రీన్ గడ్డం కింద, ముక్కు రంధ్రాల అంచులకు కూడా రాయాలి, వెలుగు కిందనుంచి కూడా వస్తుంది.

నీళ్ల సీసాను తలకిందులుగా పెట్టండి. గడ్డకట్టడం పైనుంచి మొదలవుతుంది కాబట్టి మూత దగ్గర నీళ్లుంటాయి. పైపుతో తాగే సంచులు కనుమ రోజున పనికిరావు, పైపులో నీళ్లు గడ్డకడతాయి. ఫోన్, హెడ్‌ల్యాంప్ బ్యాటరీలు రాత్రి స్లీపింగ్ బ్యాగులో మీ పక్కనే పడుకోవాలి.

తిండి విషయానికొస్తే దారి పొడవునా పప్పు, అన్నం దొరుకుతాయి, మళ్లీ మళ్లీ వడ్డిస్తారు. పైకి వెళ్లేకొద్దీ ఆకలి చస్తుంది. అప్పుడు అలవాటైన రుచి ముద్ద దిగేలా చేస్తుంది. కందిపొడి, కొద్దిగా ఆవకాయ, వేరుశనగ చిక్కీలు, ఖర్జూరాలు తీసుకెళ్లాం. 4,000 మీటర్ల పైన కందిపొడి డబ్బా మా అందరికీ మందు సీసా అయింది.

మెల్లగా ఎక్కడం: రోజువారీ లెక్క

సూత్రం ఇది. 3,000 మీటర్లు దాటాక ముందు రాత్రి పడుకున్న చోటికన్నా సుమారు 500 మీటర్లు మించి పైన పడుకోకూడదు. మూడు నాలుగు రోజులకోసారి ఒక రోజు ఆగాలి. పగలు ఎంత పైకి ఎక్కినా ఫర్వాలేదు, పడుకునే చోటు లెక్క. మా పద్ధతి ఇలా నడిచింది.

1. కాఠ్‌మాండూ నుంచి బెసిసహర్, అక్కడినుంచి జీపులో ధారాపానీ, సుమారు 1,860 మీటర్లు. పొద్దున్నుంచి రాత్రి దాకా ప్రయాణమే.
2. చామే, 2,670.
3. అప్పర్ పిసాంగ్, 3,300. ఇక్కడినుంచి లెక్క మొదలు.
4. ఘ్యారు మీదుగా ఙవల్, 3,660. కింద రోడ్డు దారి ఉన్నా పైదారి పట్టండి. కష్టమే, కానీ ఎదురుగా అన్నపూర్ణ వరసంతా కనిపిస్తుంది, ఒళ్లు ఎత్తుకు అలవాటు పడుతుంది.
5. మనాంగ్, 3,540.
6. మనాంగ్‌లోనే మకాం. ఖాళీగా పడుకోకుండా గంగాపూర్ణ సరస్సు పైనున్న కొండెక్కి మధ్యాహ్నానికి దిగాం. బలమున్నవాళ్లు 4,600 మీటర్ల ఎత్తులోని ఐస్ లేక్‌కు వెళ్లొస్తారు.
7. యాక్ ఖర్కా, 4,050.
8. తోరాంగ్ ఫేదీ, సుమారు 4,450.
9. కనుమ దాటి ముక్తినాథ్, సుమారు 3,800.

దీనికి రెండు రోజులు అదనంగా కలపండి. ఆ రెండు రోజులు లేకుండా తిరుగు టికెట్ బుక్ చేసుకున్న గుంపు వాతావరణంతో పందెం కాసినట్టే. ఇప్పుడు మనాంగ్ దాకా జీపులు వెళ్తున్నాయి. ఒక్క రోజులో కింది లోయనుంచి 3,540 మీటర్లకు జీపులో చేరడం నాకు ఎంత మాత్రం ఇష్టం లేదు. ఆదా అయిన మూడు రోజులకు ఒళ్లు వడ్డీతో సహా వసూలు చేస్తుంది.

ఎత్తు జబ్బు: ఈ భాగం రెండుసార్లు చదవండి

పైకి వెళ్లినా గాలిలో ఆక్సిజన్ శాతం మారదు, 21 శాతమే. మారేది గాలి ఒత్తిడి. 5,416 మీటర్ల దగ్గర ఒక్కో ఊపిరికి అందే ఆక్సిజన్ సముద్రమట్టంలో అందేదానిలో సుమారు సగం. విశాఖ బీచ్‌లో పెరిగిన ఒంటికి అది పెద్ద మార్పు, సర్దుకోవడానికి రోజులు కావాలి.

తలనొప్పితో పాటు వికారం, ఆకలి లేకపోవడం, నీరసం, తల తిరగడం, వీటిలో ఏదైనా ఉంటే అది ఎత్తు జబ్బు కిందే లెక్క. "రాత్రి నిద్రలేదు, అందుకే తలనొప్పి", "నిన్నటి ఎండ వల్ల" అని కారణాలు వెతకొద్దు. ఈ దశలో మందు ఒక్కటే: ఇంకా పైకి వెళ్లకుండా ఉన్నచోటే ఆగడం. తగ్గితే వెళ్లొచ్చు, పెరిగితే దిగాలి.

తర్వాతి రెండు రూపాలు ప్రాణాంతకం. ఒకటి మెదడు వాపు. మనిషి తాగినట్టు తూలుతాడు, మాట తడబడుతుంది, అర్థంలేని మొండితనం చేస్తాడు. పరీక్ష తేలిక: నేల మీద గీత చూపించి, మడమకు బొటనవేలు ఆనించి పదడుగులు నడవమనండి. తప్పితే వెంటనే దించాలి. రెండోది ఊపిరితిత్తుల్లో నీరు చేరడం. కూర్చున్నప్పుడు కూడా ఆయాసం, ఆగని దగ్గు, నురగ, నీలం పెదవులు. ఇది కూడా వెంటనే దించాల్సినదే. తెల్లవారనిద్దాం అనకూడదు. రాత్రైనా, మంచైనా, దారి సురక్షితంగా ఉన్నంతవరకు కిందికే. 500 నుంచి 1,000 మీటర్లు దిగితే చాలామందికి తేడా కనిపిస్తుంది. ఒంటరిగా ఎప్పుడూ పంపకూడదు.

డయామాక్స్ అనే అసిటజోలమైడ్ మాత్ర ఒంటిని ఎత్తుకు త్వరగా అలవాటు చేస్తుంది. ముందుజాగ్రత్తగా చాలామందికి 125 మిల్లీగ్రాములు రోజుకు రెండుసార్లు ఇస్తారు, ఎక్కడానికి ముందురోజు మొదలుపెడతారు. సల్ఫా మందులు పడనివాళ్లు డాక్టరుకు ఆ సంగతి చెప్పకుండా ముట్టుకోకూడదు. వేళ్లు తిమ్మిరెక్కుతాయి, మూత్రం ఎక్కువ వస్తుంది, కంగారు వద్దు. నిద్రమాత్రలు, మందు పార్టీలు ఈ తొమ్మిది రోజులు పూర్తిగా బంద్. మనాంగ్‌లో 1973లో ఏర్పడిన హిమాలయన్ రెస్క్యూ అసోసియేషన్ వాళ్ల వైద్య కేంద్రం ఉంది. సీజన్‌లో మధ్యాహ్నం పూట డాక్టర్లు ఎత్తు జబ్బు గురించి క్లాసు చెప్తారు. అందరూ కలిసి వెళ్లండి. ఒకరు వెళ్లి మిగతావాళ్లకు చెప్పడం కుదరదు.

మా గుంపులో రోజూ పడుకునే ముందు, లేవగానే ఒకరినొకరం నాలుగు ప్రశ్నలు అడిగేవాళ్లం: తలనొప్పి ఉందా, తిన్నావా, నిద్ర పట్టిందా, మూత్రం ఎలా వస్తోంది. ఒకరికొకరు జంటలుగా. అయినా మా బావ రెండు రోజులు తలనొప్పి దాచిపెట్టాడు. తన వల్ల అందరూ ఆగిపోతారేమోనని. యాక్ ఖర్కాలో అక్క కంచం చూసి అడిగింది.

"ఏమండీ, అన్నం అలాగే వదిలేశారేం?"

"ఆకలిగా లేదు, అంతే."

అప్పటిదాకా ప్రతి పూటా రెండోసారి వడ్డించుకున్న మనిషి. గైడ్ పక్కన కూర్చుని నెమ్మదిగా అడిగితే అసలు సంగతి బయటపడింది. తెల్లవారేసరికి ఒకసారి వాంతి కూడా అయింది. సహాయ గైడ్‌ను తోడిచ్చి మనాంగ్‌కు పంపాం. అక్కకూ వెళ్లాలనే ఉంది, బావే వద్దని బతిమాలాడు. సాయంత్రానికి మనాంగ్ నుంచి ఫోన్: తలనొప్పి తగ్గింది, ఇప్పుడే పప్పన్నం తిన్నాను అని. ఆ ఫోన్ విన్నాక అక్క ఆ రాత్రి నిద్రపోయింది. తర్వాత ఆయన జీపులో తిరిగి పోఖరాలో మమ్మల్ని కలిశాడు. ఎవరైనా కంచం వదిలేస్తే పట్టించుకోండి, నోరు చెప్పనిది కంచం చెప్తుంది.

మనాంగ్‌లో చేసుకోవాల్సిన ఒప్పందం

ఆగిన రోజు సాయంత్రం అందరూ ఒక బల్ల చుట్టూ కూర్చోండి. గైడ్ కూడా ఉండాలి. కింది విషయాలు ఒప్పుకుని, ఒకరు కాగితం మీద రాయాలి.

వెనక్కి తిరిగే వేళ. కనుమ రోజున ఉదయం 10 గంటలకల్లా పైకి చేరకపోతే ఎక్కడున్నా వెనక్కి. పదకొండు చేద్దాం, ఇంకొంచెమే కదా అన్న మాట అక్కడ చెల్లదు.

ఎవరు ఆపగలరు. గైడ్ వద్దంటే వద్దు, చర్చ లేదు. మనలో ఏ ఒక్కరు భయంగా ఉందన్నా, బాగాలేదన్నా గుంపు ఆగాలి. ఓటింగు పెట్టకూడదు. ఏడుగురు వెళ్దామన్నా, వద్దన్న ఒక్కడి మాటే నెగ్గాలి.

మంచు కురుస్తుంటే ఫేదీ వదలకూడదు. లాడ్జిలో ఒక రోజు కూర్చుంటే పోయేది ఒక రోజే. 2014లో అంత నష్టం జరిగిన దారి ఇదే కాబట్టి మాకు ఈ షరతు మీద వాదన రాలేదు. 2024 జూన్‌లో ఉత్తరాఖండ్‌లోని సహస్ర తాల్ దగ్గర వాతావరణం చెడి కర్ణాటక నుంచి వెళ్లిన గుంపులో 9 మంది చనిపోయారు. ఇలాంటివి పాత కాలం సంగతులు కావు.

గుంపు చీలాల్సి వస్తే ఎవరు ఎవరితో. ఎవరు దిగినా వెంట ఒక గైడ్, డబ్బు, ఫోన్, మందులు ఉండాలి.

మేం ఫేదీ చేరిన రాత్రి గాలి హోరెత్తింది, తెల్లవారుజామున మంచు మొదలైంది. కాగితం తీయాల్సిన అవసరమే రాలేదు, ఎవరూ బూట్లు కట్టుకోలేదు. ఆ పగలంతా పొయ్యి చుట్టూ కూర్చుని వెల్లుల్లి సూప్ తాగాం.

కనుమ రోజు

గాలి సాధారణంగా ఉదయం తొమ్మిది, పది దాటాక పెరుగుతుంది. ఎండకు మంచు మెత్తబడితే కాలు మోకాలిదాకా దిగుతుంది. అందుకే నాలుగు, నాలుగున్నరకు బయల్దేరాలి. మూడింటికి లేచి, ఆకలి లేకపోయినా వేడిగా కొంచెం తినాలి. స్పైక్స్, గైటర్లు గదిలోనే ఒకసారి తొడిగి సరిచూసుకోండి. చీకట్లో, మంచులో, గ్లౌజులు తీసి పట్టీలు బిగించడం నరకం.

వరసలో ముందు గైడ్. ఆయన వెనకే గుంపులో అందరికన్నా నెమ్మదిగా నడిచేవాళ్లు. ఆ మనిషి వేగమే అందరి వేగం. చిట్టచివర బలమైనవాడు, అతని సంచిలో మందుల డబ్బా, అదనపు గ్లౌజులు, వేడినీళ్ల ఫ్లాస్కు. పిలిస్తే వినపడే దూరంలోనే అందరూ ఉండాలి. ఆగిన ప్రతిచోటా లెక్కపెట్టాలి.

ఫేదీ నుంచి హై క్యాంప్ దాకా నిట్టనిలువు ఎక్కుడు, గంట నుంచి గంటన్నర. హై క్యాంప్ సుమారు 4,900 మీటర్లు. ముందురోజు అక్కడే పడుకోవచ్చు కానీ ఒంటికి ఆ ఎత్తు నిద్ర భారం. మేం వద్దనుకున్నాం. అక్కడినుంచి కనుమకు మూడు, నాలుగు గంటలు. ఇదిగో వచ్చేసింది అనిపించే గుట్టలు ఒకదాని వెనక ఒకటి వస్తాయి. ఎన్ని వచ్చినా మనసు విరగ్గొట్టుకోవద్దు. దారి పక్కన ఇనుప కడ్డీలు నాటి ఉంటాయి. మబ్బు కమ్మి నేలా ఆకాశం ఒకే తెలుపైపోతే ఒక కడ్డీ దగ్గరనుంచి తర్వాతి కడ్డీ కనపడేదాకానే నడవాలి. అది కనపడకపోతే ఆగి, వచ్చిన అడుగుల్లోనే వెనక్కి.

నడక ఇలా ఉండాలి: ముందుకాలు వేసి, వెనక మోకాలు నిటారుగా నిలిపి, బరువంతా ఎముక మీద వదిలి ఒక్క క్షణం ఆగాలి. తర్వాత రెండో కాలు. ఒక అడుగుకు ఒక ఊపిరి, పైన రెండు ఊపిరులు. పక్కవాళ్లతో చిన్న మాట మాట్లాడలేకపోతే వేగం ఎక్కువైందని అర్థం.

మంచుమీద అడుగు

ముందు నడిచినవాళ్ల అడుగుల్లోనే అడుగు వేయండి. గట్టి మంచు ఎక్కేటప్పుడు బూటు ముందుభాగంతో తన్ని మెట్టు చేసుకోవాలి. దిగేటప్పుడు మడమను బలంగా దించాలి, ఒంటిని కొంచెం ముందుకు పెట్టాలి. భయంతో వెనక్కి వాలితే జారేది అప్పుడే. ఏటవాలును అడ్డంగా దాటేటప్పుడు కర్రల పట్టీలు మణికట్టుకు వేసుకోకండి. పడితే కర్ర వదిలేసి బోర్లా తిరిగి, చేతులు, బూట్ల మొనలు మంచులోకి గుచ్చి ఆగాలి. ఫేదీలో ఆగిన రోజున మధ్యాహ్నం మంచు ఆగాక, లాడ్జి వెనక చిన్న వాలు మీద గైడ్ మాతో ఇది పదిసార్లు చేయించాడు.

పెద్ద బండల అంచుల్లో మంచు బోలుగా ఉంటుంది, కాలు తొడదాకా దిగిపోతుంది. దూరంగా నడవండి. కొత్త మంచు బాగా పడిన తర్వాత ఒకటి రెండు రోజులు హిమపాతం భయం ఎక్కువ. 30 నుంచి 45 డిగ్రీల వాలు అన్నిటికన్నా ప్రమాదం. గైడ్ అనుమానించిన వాలును ఒక్కొక్కరే దాటాలి, మిగతావాళ్లు సురక్షితమైన చోట నిలబడి చూడాలి. గుంపు కలిసి నడవాలన్న నియమానికి మినహాయింపు ఇదొక్కటే.

మంచుమీద జారుతూ దిగాలని సరదా పుడుతుంది. కింద బండలు లేని, చివర చదునైన చోట, గైడ్ సరేనంటేనే. స్పైక్స్ తీయకుండా ఎప్పుడూ జారకూడదు. ముల్లు మంచులో పట్టుకుంటే కాలు ఆగిపోతుంది, ఒళ్లు ఆగదు, చీలమండ విరుగుతుంది.

కనుమ పైన, ఆ తర్వాత

మేం తొమ్మిదింపావుకు చేరాం. రంగురంగుల ప్రార్థన జెండాల కుప్ప, ఎత్తు రాసిన బోర్డు, ఒక టీ కొట్టు. అక్క జెండాల దగ్గర నిలబడి ఏడ్చింది. నేను 43 మందిని తలుచుకుని దణ్ణం పెట్టుకున్నాను. అక్కడ ఇరవై నిమిషాలు చాలు. ఫొటోకోసం గ్లౌజులు తీసినవాళ్ల వేళ్లు ఐదు నిమిషాల్లో మొద్దుబారతాయి.

సగం పని అయింది, అంతే. ముక్తినాథ్ వైపు దిగుడు పొడవైనది, పొద్దుటి నీడలో మంచు గాజులా ఉంటుంది. స్పైక్స్ ఉంచుకోండి. కర్రలు పొడవు పెంచుకోండి. అరగంటకోసారి కూర్చోండి. సుమారు 4,200 మీటర్ల దగ్గర చబర్బు టీ కొట్లు వస్తాయి, అక్కడ తప్పకుండా వేడిగా ఏమైనా తినండి.

ముక్తినాథ్‌లో 108 నీటి ధారలున్నాయి. మంచునీళ్లు. కనుమ దాటి వచ్చిన సాయంత్రమే, అలిసిన ఒంటితో వాటి కింద తడవాలని చాలామందికి ఉంటుంది. వద్దు. తిని, వెచ్చగా నిద్రపోయి, మర్నాడు ఎండెక్కాక స్నానం చేయండి, పొడి బట్టలు పట్టుకుని ఒకరు పక్కన నిలబడండి. మేం అలాగే చేశాం. జ్వాలామాయి గుడిలో నీటి చెంత వెలిగే చిన్న నీలిమంట చూసి బయటికి వస్తుంటే జీపుల్లో వచ్చిన మన గోదావరి జిల్లాల పెద్దవాళ్ల గుంపు కనిపించింది. వెనక కొండ చూపించి అక్కడినుంచి వచ్చామంటే ఒక పెద్దావిడ అక్క చేతులు పట్టుకుని "చల్లగా ఉన్నాయేమ్మా" అని తన శాలువా కప్పింది.

అక్కడినుంచి జీపులో జోమ్‌సోమ్, పోఖరా. కాళీగండకీ లోయలో మధ్యాహ్నం గాలి భయంకరంగా వీస్తుంది, జోమ్‌సోమ్ విమానాలు పొద్దున్నే ఉంటాయి. పోఖరా చేరాక కూలీలకు, గైడ్లకు ఇవ్వాల్సింది అందరి ముందు, లెక్కగా, చేతికి ఇచ్చేయండి. బావను వెంటబెట్టుకుని మనాంగ్ దిగిన సహాయ గైడ్ కనుమ దాటలేదు కదా అని తక్కువ ఇవ్వకండి. మేం అతనికి అందరికన్నా ఎక్కువ ఇచ్చాం.